అచ్చులో మిగిలిన పోగులు

గౌరమ్మ మెచ్చిన ఊరు ఇంతవరకు లేదు. ఎమ్మిగనూరులో పుట్టి, అదే ఊళ్ళో మెట్టి, పక్కనున్న నందవరం దాటి ఎరగని మనిషికి మెచ్చుకోవడానికి మరో ఊరు తెలియాలి కదా అని ఎవరైనా అంటే, ఉన్న ఊరినే మెచ్చనిదాన్ని, చూడని ఊరిని మెచ్చుతానా అనేది. అలాంటి గౌరమ్మ యాభయ్యో ఏట, పెట్రోలు దొరకని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, బొగ్గుతో నడిచే బస్సెక్కి ఆదోని వచ్చింది. తమ్ముణ్ణి ఇంటికి పిలుచుకుపోవడానికి.

తమ్ముడు భీమన్న. తల్లి పోయాక ఆమే పెంచింది. వాడికి నేత నేర్పింది ఆమె భర్త తిమ్మప్ప, వంకలు పెట్టింది ఆమె. తాను చేసేది కండెలు చుట్టే పని, మగ్గం గుంతలో ఏనాడూ కూర్చోలేదు, అయినా వంక పెట్టడానికి కూర్చోనక్కర్లేదు కదా. నాలుగేళ్ళ కిందట భీమన్న నేసిన చీర అంచులో రెండు పోగులు తప్పాయి. నలుగురి ముందర ఒకే మాట అంది: "ఈ సేతులు మగ్గానికి గాదురా. పలుపులు పేనేదానికి పనికొస్తాయి." వాడు లేచి చెప్పులు వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆదోనిలో, పత్తి నుంచి గింజలు తీసే జిన్నులో పని. ఇప్పుడు తిమ్మప్పకు చూపు మందగించింది. ఆయన మగ్గం కుంటుతోంది, భీమన్న మగ్గం ఖాళీ. వాడు రాకపోతే ఆ ఇంట్లో నేత అక్కడితో సరి.

ఆమె చంకలో పాత చీరలో చుట్టిన పొడుగాటి మూట. అందులో ఉన్నది భీమన్న మగ్గం అచ్చు. అచ్చంటే వెదురు పండ్ల దువ్వెన లాంటిది. పడుగులో ప్రతి పోగూ దాని పండ్ల సందుల్లోంచే రావాలి. చీర కోసేశాక పాత పోగుల కొసలు అందులోనే వదులుతారు, కొత్త పడుగును వాటికే ఒక్కొక్క పోగూ అతుకుతారు. ఆ కొసలు పీకేస్తే మగ్గాన్ని వదులుకున్నట్టే. నాలుగేళ్ళూ గౌరమ్మ వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఎలుకలు కొరికిన చోట తానే కూర్చుని ముళ్ళు వేసింది. ఈ అచ్చు వాడి ముందర పెడితే చాలు, నోటితో ఏమీ చెప్పనక్కర్లేదని ఆమె ఎత్తు. ఎత్తు మంచిదే. నోరే ఊరుకోలేదు.

ఆదోనికి వచ్చిపోయే ఊరివాడు రంగన్నతో పంపిన కబురు అంది, భీమన్న బస్సు దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద తళతళలాడే మిల్లు గుడ్డ చొక్కా.

"నేసేవాని ఒంటి మీద మిల్లు గుడ్డేందిరా?" అంది గౌరమ్మ, బస్సు దిగుతూనే.

"ఈడ అందరూ తొడిగేదే అక్కా. బావ బాగుండాడా?" అని, కాస్త ఆగి, నేల చూస్తూ అడిగాడు. "నా మగ్గం ఎట్లుంది?"

వాడు అడిగిన తీరు చూస్తే ఇంకెవరైనా అక్కడే మూట విప్పేవాళ్ళు. గౌరమ్మ కళ్ళు మాత్రం చొక్కా మీదే ఉన్నాయి.

"యాడి మగ్గం? ఎప్పుడో కట్టెల కింద కొట్టినాము. పొయ్యిలోకి పాయ."

అనేసింది. అన్నాక చంకలో మూట బరువెక్కింది. భీమన్న మూట అందుకోబోతే, "నీకెందుకు, నేను మోస్తాలే," అని విదిలించుకుంది.

"సాయంత్రం దాకా బస్సు ల్యా. ఊరు సూపిస్తా రా అక్కా," అన్నాడు. "ఈడ నాకు తెలీని సందు ల్యా."

పెద్ద బజారు చూపించాడు. పత్తి బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, దూది గాలికి లేచి మురుగు కాలవలో పడుతోంది. ఊరంతా పరుపు చింపినట్టుందని గౌరమ్మ తేల్చింది. షావుకార్ల ఇళ్ళు, చెక్కడాల తలుపులు చూపిస్తే, "అంత తలుపు పెట్టుకోని లోపల సీకటే గదా," అంది. అక్కణ్ణుంచి భీమన్న దర్జాగా ఒక సందులోకి తిప్పాడు. సందు పోయి పోయి గోడకు తగిలింది.

"ఈ గోడ కొత్తగా కట్టినట్టుండారు," అన్నాడు.

"కొత్త గోడకు రావిమొక్క మొలిచి మోకాలెత్తు పెరిగిందే," అంది గౌరమ్మ. వాడు గమ్మున వెనక్కి తిరిగాడు.

మసీదు ముందర మాత్రం ఆమె నోరు కాసేపు ఆగింది. చెప్పులు విప్పి మెట్టు మీద కూర్చుంటే రాయి చల్లగా తగిలింది. పైకి చూసింది, పక్కలకు చూసింది, వంక దొరకలేదు. దొరకనందుకు ఒళ్ళు మండింది. ఇంతలో భీమన్న గేటు దగ్గరున్న ముసలాయన్ని పక్కకు పిలిచి, కొండ మీది కోటకు దారెటని గుసగుసగా అడగడం ఆమె చెవిన పడింది. ఆయన చెయ్యి చాపి దారి చూపించి, "ఊరికి కొత్తనా అప్పా?" అన్నాడు. అడిగింది గౌరమ్మను కాదు, భీమన్నను.

కొండ ఎక్కారు. మూటతో ఎక్కడం గౌరమ్మకు ప్రాణం మీదికొచ్చింది. అయినా వాడికివ్వలేదు. పైన కూలిన బురుజులు, బండలు.

"ఇంత ఎక్కి సూసేది రాళ్ళా? రాళ్ళు మాకు కిందనే ఉండాయి," అంది.

భీమన్న వినలేదు. గోడ మీద చేతులాన్చి కింద పరుచుకున్న ఊరిని చూస్తూ, "అబ్బ, ఇంత పెద్దదా ఈ ఊరు," అని తనలో తాను అనుకున్నాడు.

గౌరమ్మ వాడి వైపు తిరిగింది. "నాలుగేండ్లల్ల ఒగసారీ ఎక్కలేదా?"

వాడు అటే చూస్తూ చెప్పాడు. "లేదక్కా. తెల్లారక ముందే జిన్ను, పొద్దు గూకినాక రూము. మసీదు గూడా ఈ పొద్దే సూసినా." దూరంగా పొగ గొట్టాన్ని చూపించాడు. "నాకు తెల్సిన ఆదోని ఆడుంది, ఆ గొట్టం కింద."

గౌరమ్మ వాణ్ణి ఊరడించబోయింది. నోరు తెరిచింది. బయటికొచ్చింది వేరే మాట: "దానికో మిల్లు సొక్కా."

"నువ్వు పిలుస్తావేమో, వద్దామనే అనుకున్యా," అన్నాడు భీమన్న, మెల్లగా. "మగ్గం ల్యాని ఇంటికొచ్చి ఏం జేయాల?"

మూట చంకలోనే ఉంది. విప్పితే చాలు. విప్పితే, అబద్ధమాడానని తమ్ముడి ముందర ఒప్పుకోవాలి. ఆ కొండ మీంచి కిందికి దొర్లడమే సులభమనిపించింది ఆమెకు. నీ నోరు పడిపోను అని తనను తానే తిట్టుకుంటూ దిగింది.

సాయంత్రం బస్సు బయలుదేరడానికి సిద్ధంగా లేదు. వెనక బొగ్గు పొయ్యి రాజుకోక, క్లీనరు చెమటలు కక్కుతూ పిడి తిప్పుతున్నాడు. గౌరమ్మ జనంలో ఇరుక్కుంటూ ఎక్కింది గాని, పొడుగు మూట తలుపులో అడ్డం తిరిగి లోపలికి రాలేదు. చేసేది లేక మూటను భీమన్న చేతికిచ్చి, కిటికీలోంచి అందించమంది.

వాడు అందుకున్నాడు. గుడ్డ మీంచే ఒకసారి తడిమాడు. పట్టుకున్నదేమిటో నేసేవాడు చూసి తెలుసుకోనక్కర్లేదు. చీర మడత తొలగించాడు. అచ్చు, దాని పండ్ల సందుల్లో నాలుగేళ్ళ నాటి పోగుల కొసలు, ఒక్కటీ పోకుండా.

"పొయ్యిలోకి పాయ అంటివే," అన్నాడు.

"పచ్చికట్టె. అంటుకోలేదు," అంది గౌరమ్మ, అటు చూడకుండా.

వాడు కొసల్ని వేళ్ళ మధ్య జారవిడుస్తూ పోయి ఒక చోట ఆగాడు. గోళ్ళంత లావు ముళ్ళు. "ఈ ముళ్ళు ఎవురేసినారు?"

"నేనే."

భీమన్న ఒక్కో ముడినీ పట్టి పట్టి చూశాడు. తలెత్తాడు. "ఈ సేతులు మగ్గానికి గాదక్కా," అన్నాడు. "పలుపులు పేనేదానికి పనికొస్తాయి."

పక్క సీటు ముసలమ్మ, ఇక్కడేదో కొట్లాట అవుతుందని తన సంచి దగ్గరికి లాక్కుంది. గౌరమ్మను అంత మాట అన్నవాళ్ళు అంతవరకు లేరు.

"అవున్రా," అంది గౌరమ్మ. "అందుకే మోసుకోనొచ్చినా."

వాడు అచ్చును కిటికీలోంచి ఇవ్వలేదు. మళ్ళీ చుట్టి, నిలువుగా పట్టుకుని, తలుపులోంచి ఎక్కాడు. జిన్నుకు రంగన్నతో కబురంపితే సరిపోతుందన్నాడు.

గౌరమ్మ కిటికీ వైపు జరిగి చోటిచ్చింది.

"కూసో," అంది. "ఆ మిల్లు గుడ్డ మాత్రం నాకు తగిలియ్యొద్దు."