మూడో ఎక్కంతో తిరిగిన మలుపు

విమానం మబ్బులో దూరి పది నిమిషాలైనా కాలేదు, పైలటమ్మ ఎదురుగా ఉన్న తెరలు రెండూ ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. దారి చూపేవీ అవే, ఎంత తిరిగామో చెప్పేవీ అవే. వాటిని నమ్ముకుని బతికే ఆటోపైలట్ కూడా చేతులెత్తేసింది. అంత ఖరీదైన సరంజామా సరిగ్గా అవసరానికి నల్లపలకైపోతే ఏం చెప్పమంటారు!

ఇక మిగిలినవి గుండ్రటి పాతకాలపు ముళ్ళు. వేగం చెప్పేదొకటి, ఎత్తు చెప్పేదొకటి, విమానం ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పేది ఇంకొకటి. పైన దిక్సూచి ఉంది గానీ, ఆ కుదుపులకి అది పూనకం వచ్చినట్టు ఊగుతోంది. దాన్ని నమ్ముకుంటే గోదాట్లో దిగినట్టే.

వెనక స్ట్రెచర్ మీద రిటైరైన టీచరమ్మ ఉంది. వెంటనే గుండె ఆపరేషన్ జరగాలి. పక్కన నర్సు. టీచరమ్మ మాట్లాడకపోతే ఊపిరాడని మనిషి కావడంతో నర్సు ఆవిడకి కూడా ఒక హెడ్‌సెట్ తగిలించింది.

జరిగిందీ, తను వస్తున్న దారీ రేడియోలో చెప్పగానే కింద ఎయిర్‌పోర్టు కంట్రోలర్ గొంతు వినిపించింది. "మేడమ్, ఇక్కడ రాడార్ లేదు, మీరు నాకు కనబడరు. ఇలాగే వస్తే ఎదురుగా కొండలే. ఎడమకి సరిగ్గా తొంభై డిగ్రీలు తిరగండి. అటంతా మైదానం. కిందికి దిగితే మబ్బు విడిపోయి నేల కనిపిస్తుంది."

సరిగ్గా తొంభై. తక్కువ తిరిగితే మబ్బులోంచి దిగేది కొండ మీదికే. మబ్బు తేలేదాకా పైన చక్కర్లు కొడదామంటే, ఆ గుండె అంతసేపు ఆగదని నర్సు ముందే చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చారు ఎక్కాల మాస్టారు. విమానం నేర్పినాయన. తెరల మీద పాత క్యాలెండరు కాగితాలు అంటించి, "ఇవి లేవనుకో, ఇప్పుడు నడుపు" అనేవారు. "తిరిగే జోరు చెప్పే ఈ ముల్లుని ఈ గీత మీద నిలబెట్టావంటే విమానం సెకనుకి మూడు డిగ్రీలు తిరుగుతుంది. సెకనుకో మెట్టు చొప్పున మూడో ఎక్కం పైకి చదువు. నోటికి ఎంత వస్తే అంత తిరిగినట్టు. వాచీ చూద్దామని తల వంచావా, మబ్బులో కళ్ళు తిరిగి ఆకాశమేదో నేలేదో తెలీకుండా పోతుంది." ఇంత చదువు చదివి ఈ ఒకటో క్లాసు గోలేమిట్రా దేవుడా అని ఆ రోజుల్లో పైలటమ్మ ఎన్నిసార్లు గొణుక్కుందో.

విమానాన్ని ఎడమకి వంచింది. ముల్లు గీత మీదికొచ్చింది.

"మూడొకట్ల మూడు. మూడు రెళ్ళు ఆరు. మూడు మూళ్ళు తొమ్మిది..."

భయం నోటిని తరుముతుంది కదా. మూడైదులు దాటేసరికి ఎక్కం పరుగందుకుంది. ఆ సంగతి ఆవిడకి తెలియలేదు. నోరు తొంభై అనేసరికి విమానం డెబ్భై కూడా తిరిగి ఉండదు. ఇదే ఈ పద్ధతిలో ఉన్న గోతి.

"మూడెనిమిదులు ఇరవై నాలుగు, మూడు తొమ్మిదులు..."

"ఏంటమ్మా ఆ పరుగు! ఎవరైనా తరుముతున్నారా?" హెడ్‌సెట్‌లో నీరసమైన గొంతు, కానీ నలభై ఏళ్ళు క్లాసు నడిపిన గొంతు. "నిదానంగా చెప్పు. నాతోపాటు చెప్పు. మూడు తొమ్మిదులు... ఇరవై ఏడు."

ఆ ఎక్కం ఎందుకో టీచరమ్మకి తెలియదు. ఎవరో తప్పుగా చదువుతున్నారు, దిద్దాలి, అంతే. పైలటమ్మ ఆ గొంతు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్కో మెట్టూ ఎక్కారు. కుడివైపు పడిపోతున్నావే అని ఒళ్ళు గోల పెడుతోంది. పడనీ అనుకుని ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"మూడు ముప్ఫైలు తొంభై!"

మొదట్లో పరుగులో మింగేసిన సెకన్లకి బదులు ఇంకో రెండు మెట్లు కలిపి విమానాన్ని సరిచేసింది. దిగడం మొదలుపెట్టింది. రెండువేల అడుగులు. పదిహేను వందలు. కిటికీ నిండా ఇంకా బూడిద రంగే. పన్నెండు వందల దగ్గర మబ్బు చిరిగింది. కింద పొలాలు, రోడ్డు, ఆ రోడ్డు మీద ఒక లారీ. కొండలు కుడివైపు దూరంగా ఉన్నాయి. లారీని చూసి అంత సంబరపడ్డ మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండరు.

విమానం దిగగానే టీచరమ్మని అంబులెన్సులోకి ఎక్కించారు. పైలటమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అమ్మా, ఇవాళ మీరు మా అందర్నీ బతికించారు."

"నేనేం చేశాను తల్లీ? పడుకునే ఉన్నాగా!" అంది టీచరమ్మ. అంబులెన్సు వెళ్ళిపోయింది.

ఐదు గంటల తర్వాత ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. విమానం మెట్ల దగ్గర నిలబడే పైలటమ్మ మాస్టారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు మాస్టారూ. మీరు నేర్పకపోతే ఇవాళ ముగ్గురం లేము."

"చల్లగా ఉండమ్మా" అన్నారాయన.

"ఇంకోటి కూడా చెప్పాలి. మా శిక్షణ అయిపోయిన రోజు వీడ్కోలు పార్టీలో మీ గొంతు పెట్టి, ఆ ఎక్కం చదివి అందర్నీ పడీపడీ నవ్వించింది నేనే. క్షమించండి."

"తెలుసులేమ్మా. తలుపవతల నిలబడి విన్నాను."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. "బాధపడ్డారా?"

"బాధెందుకు? వాచీ చూస్తూ విన్నాను. ముప్ఫై మెట్లకీ సరిగ్గా ముప్ఫై సెకన్లు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను, ఈ పిల్లకి మబ్బులో ఏమీ కాదు, ఇక దీని గురించి నాకు బెంగ లేదు అని."

పైలటమ్మ విమానం మెట్ల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల మాస్టారు ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నారు.