కర్రిదాని కూతుళ్లు

నరసన్నపేట దాటి హైవే దిగిన చోట అప్పలసూరి పందుల ఫారం ఉంది. నిలబడ్డ పందిని చూసి లోపల మాంసం ఎంత, కొవ్వు ఎంత అని చెప్పడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. వీపు మీద బొటనవేలు నొక్కేవాడు, తొడ మీద అరచేత్తో తట్టేవాడు, అంతే. కోసి చూస్తే అతని మాటే నిలిచేది.

పందుల బేరం మాని ఫారం పెట్టాక కూడా అదే వేలు, అదే లెక్క. ఏటేటా తల్లులుగా ఉంచుకోవాల్సిన ఆడ పందిపిల్లల్ని తనే ఏరేవాడు. వేగంగా ఎదిగినవి, వీపున కొవ్వు పలుచగా ఉన్నవి, తొడలు నిండినవి. మగపందుల్నీ అలాంటివే తెచ్చాడు. కొన్ని తరాలు తిరిగేసరికి అతని తెల్ల సీమపందులు తక్కువ మేతకే కండ పట్టి బిగుతుగా తయారయ్యాయి. విశాఖ హోటళ్లకు మాంసం వేసే గిరిబాబు దాన్ని "అప్పలసూరి సరుకు" అని పేరు చెప్పి మరీ అమ్మేవాడు. ఆ మాట విన్నరోజు అప్పలసూరి ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

కొట్టంలో మాత్రం లెక్క మరోలా నడుస్తోంది. ఈతకు పిల్లలు తగ్గుతున్నాయి. పుట్టినవాటికి పాలు చాలడం లేదు. పిల్లల్ని విడదీశాక మళ్లీ ఎదకు రావాల్సిన తల్లులు డొక్కలు ఎండి గోడవారన పడి ఉంటున్నాయి. అప్పలసూరి తవుడును అనుమానించాడు, ఎండను అనుమానించాడు, పశువుల డాక్టర్నీ అనుమానించాడు. తన వేలి మీద మాత్రం అనుమానం రాలేదు.

చివరి గదిలో అతని భార్య తాయారు పెంచుకునే నల్లది ఒకటుంది. నాటు రక్తం కలిసిన ఆ పందిని ఇద్దరూ కర్రిది అనే పిలుస్తారు. పొట్ట నేలకు రాసుకుంటుంది, వీపున కొవ్వు దిండులా ఉంటుంది. అప్పలసూరి లెక్కలో దానికి విలువే లేదు. ఆ ఏడు తెల్లవాటి ఈతలు వరసగా చెడిపోయేసరికి విసిగి, పనికిరానివాటితో పాటు కర్రిదాన్నీ గిరిబాబు బండికి ఎక్కించబోయాడు. తాయారు గడియ మీద చెయ్యేసింది.

"దీన్నెందుకు పంపుతన్నావు మావా?"

"కొవ్వుముద్ద. దీన్నేటి సేసుకుంటావే?"

"ఆ కొవ్వే కరిగి పాలవుతన్నాది. నీ తెల్లవాటికి ఒంట్లో దాసుకున్న కొవ్వేటున్నాది? ఈనితే ఉన్నదంతా ఊడ్చుకుపోతాది. ఇంకెలాగ ఎదకొస్తాయి?"

"అవన్నీ నాను సూసి ఏరినవే!"

"కోతకి ఏరినట్టు ఏరినావు. తల్లుల్ని ఎవులైనా కోతకేరినట్టు ఏరతారేటి?"

బేరంలో ఎదుటివాడు సరైన చోట పట్టుకుంటే వాదించడం అప్పలసూరికి అలవాటు లేదు. గడియ మూసేశాడు. కర్రిదాన్ని తెల్ల మగపందితో జతకట్టిద్దామన్న తాయారు మాటకూ ఒప్పుకున్నాడు. కానీ ఒక లెక్క మాత్రం అతన్ని వదల్లేదు. పుట్టేవాటికి కొవ్వు పెరిగితే గిరిబాబు తిప్పి పంపుతాడు. ఇన్నేళ్ల పేరు ఒక్క కోతతో పోతుంది.

"పేరు పోతేనో?" అన్నాడు.

"నీ పేరు తిని కడుపు నింపుకుంటాయేటి పిల్లలు?" అంది తాయారు.

కర్రిది ఈనింది. మచ్చల పిల్లలు చన్ను చన్నుకూ వేలాడాయి. ఒక్కటీ పోలేదు. వాటిని విడదీసిన వారం తిరక్కుండానే తల్లి మళ్లీ ఎదకొచ్చింది. మచ్చలవి తెల్లవాటికన్నా నిదానంగా ఎదిగాయి, మేత కాస్త ఎక్కువే తిన్నాయి. అప్పలసూరి మనసులో ఆ నష్టం ఒకపక్క వేసుకున్నాడు, బతికిన పిల్లల్ని ఇంకోపక్క వేసుకున్నాడు. రెండోపక్కే బరువు తూగింది. అయినా కోత రోజు ఉదయం అన్నం సయించలేదు.

భార్యాభర్తలిద్దరూ బండి వెంట వెళ్లారు. తాయారు బయట బండి దగ్గరే ఆగింది. కోత షెడ్డులో గిరిబాబు మచ్చల పందిని చూసి నవ్వాడు.

"ఏటి బావా, ఇది నీ సరుకేనా, సంతలో దొరికినాదా?"

"కోసి మాటాడు. వీపున వేలున్నర మందం ఉంటాది."

కోశారు. వేలున్నరే. గిరిబాబు మొహం చిట్లించాడు.

"తెల్లదానికన్నా ఎక్కువే ఉన్నాది."

"ఉన్నాది. నాను దాసినానా? ఇప్పుడు మాంసం సూడు."

గిరిబాబు అప్పుడే కోసిన తెల్లదాని తొడ ముక్క ఒక పళ్లెంలో, మచ్చలదాని ముక్క ఇంకో పళ్లెంలో పెట్టి కాసేపు వదిలేశాడు. తెల్లదాని ముక్క పాలిపోయి కింద నీరు చేరింది. మచ్చలదాని ముక్క ఎర్రగా, బిగువుగా ఉంది. పళ్లెం దాదాపు పొడిగానే ఉంది. గిరిబాబు రెండూ ఎత్తి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"ఎండాకాలమంతా నీటిమాంసమని హోటలోళ్లు నన్ను తిట్టిన తిట్లు నీకు తెల్దు బావా. నీ మొహం సూసి సెప్పలేకపోనాను. ఈ మచ్చలవి ఉన్నవన్నీ ఎక్కించీ."

"మగవి తీసుకో. ఆడవి అమ్మను."

"నువ్వా? అమ్మనంటన్నావా?" గిరిబాబుకు నమ్మకం కుదరలేదు. "రేటు పెంచుతాను."

"పెంచుకో. ఆడవాటిని ముందు తాయారు సూస్తాది. సన్నులు సూసి, ఒళ్లు సూసి, అది ఉంచమన్నవి కొట్టంలో ఉంటాయి. అది వద్దన్నవాటి మీదే నా వేలు పడతాది, అవే కోతకొస్తాయి."

"అయితే ఇకమీదట అప్పలసూరి సరుకని సెప్పక్కర్లేదన్నమాట!" అని గిరిబాబు ఎగతాళి చేశాడు.

"తాయారు సరుకని సెప్పు," అన్నాడు అప్పలసూరి. బయట బండి దగ్గర నిలబడ్డ తాయారుకే కాదు, షెడ్డు వరసలో ఉన్న మాంసం దుకాణాలన్నిటికీ వినబడేంత గొంతుతో అన్నాడు.