పిల్లల వార్డులో పెళ్లీడు పిల్ల

పద్దెనిమిదేళ్ల ఫెబాకు రక్త క్యాన్సర్ అని తేలింది. ఈ వయసువాళ్లు పిల్లల వైద్యంతోనే ఎక్కువగా బతుకుతున్నారని చెప్పి డాక్టరు ఆమెను పిల్లల వార్డులో చేర్పించాడు. పెళ్లీడు పిల్లను పసివాళ్ల మధ్య పడుకోబెడతారా అని మేనత్త మహిమ నవ్వినా, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే తల్లి రెబ్కా వెనక్కి తగ్గలేదు. మంచం చాలక కూతురి పాదాలు బయటికి వేలాడేవి.

ఐదేళ్ల మందులు, పరీక్షల తర్వాత, వ్యాధి జాడే లేదన్న మాట డాక్టరు నోట విని రెబ్కా మహిమకు ఫోన్ చేసింది.

“వదినా, పిల్లల వార్డు వాళ్లు ఫెబాను పంపించేశారు.”

“నేనప్పుడే చెప్పలా? అంత పిల్లను ఎన్నాళ్లు ఉంచుకుంటారు?”

“పూర్తిగా నయమైందని పంపించారు.”

మహిమ వెంటనే మాట మార్చింది.

“ఆదివారం కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం నేను చెబుతా.”

“మీరు ముందు వరసలో కూర్చుని వినండి వదినా. చెప్పేది ఫెబా,” అంది రెబ్కా.