పంచుకున్న గంటలు

వెర్డెల్ అక్క సర్కారు ఇచ్చిన తన తిండి కార్డు అమ్ముకుందని మా ఎదురింటి మోజెల్ వదిన చెప్పింది. అదీ తను చూసి కాదు. కొట్లో డబ్బులు తీసుకునే పిల్ల వాళ్లమ్మతో అంటే, ఆవిడ వదిన చెవిన వేసిందట.

"బండి నిండా సరుకులేసుకొచ్చిందంట. కార్డు గీకితే పలకలేదంట. పాలూ గుడ్లూ అక్కడే వదిలేసి తలొంచుకుని పోయిందంట. ఇంకేముంది, ఎవడికో అమ్మేసుంటది" అంది వదిన, కంచె మీద మోచేతులు ఆనించి.

మర్నాడు వదిన కార్డూ పలకలేదు. వారం తిరిగేసరికి జెల్ల చేపల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆడవాళ్లందరి కార్డులూ చచ్చిపోయాయి. తిండి కార్డే కాదు, వైద్యం కార్డు కూడా.

మాది మిసిసిపీ నది ఒడ్డున, ఆర్కాన్సా పల్లపు నేల. పత్తి పోయాక ఇక్కడ చెరువులు తవ్వారు. మా అమ్మలు పత్తి చేలల్లోంచి లేచి వచ్చి చేపలు కోసే బల్లల ముందు నిలబడ్డారు. ఏళ్ల తరబడి కత్తి పట్టిన చెయ్యి చివరికి చెంచా కూడా పట్టలేదు. వెర్డెల్ కుడిచెయ్యి అలాగే మొద్దుబారింది, ఎడమచేత్తోనే బల్ల దగ్గర నెట్టుకొస్తోంది. మణికట్టు దగ్గర కోసి నరం వదులు చేయాలన్నాడు డాక్టరు. తేదీ కూడా ఇచ్చాడు. ఆలోపు కార్డు బతక్కపోతే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే ఆ చేతికి పని లేదు.

కార్డులెలా పోయాయో చెప్పాలి. వేసవిలో చెరువులకి పాచి పడుతుంది, చేపకి బురద వాసనొస్తుంది. ముందు ఒక ముక్క ఉడికించి రుచి చూస్తారు. వాసనుంటే ఆ చెరువు పట్టరు, మాకు పని ఉండదు. వెనకటికి అలాంటప్పుడు మేనేజరు సగం మందిని ఇంటికి తోలేసేవాడు. దాని మీదే మా అమ్మలు సమ్మె కట్టారు, లాఠీదెబ్బలు తిన్నారు, ఒక కట్టుబాటు గెలిచారు. పని తగ్గితే ఎవర్నీ తీసెయ్యకూడదు, ఉన్న గంటలు అందరూ సమంగా పంచుకోవాలి. మాకు బైబిలు తర్వాత అదే.

ఇప్పుడు కొత్త రూలొచ్చింది. నెలకి ఎనభై గంటలు పనిచేసినట్టు చూపిస్తేనే కార్డులు. బురద వాసన రోజుల్లో మేం ఎప్పట్లాగే పంచుకున్నాం. పంచుకుని, అందరం ఒక్కసారే ఎనభైకి కిందికి పడ్డాం.

చర్చి హాల్లో మీటింగు పెట్టాం. బ్రదర్ క్లియోఫస్ వచ్చాడు. మా శాసనసభ్యుడు. ఒకప్పుడు మా బల్ల దగ్గరే చేపలు కోసినవాడు. అతని ఓట్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగిన కాళ్లు మావి.

"ఈ రూలు సోమరిపోతుల కోసమమ్మా, మీ కోసం కాదు" అన్నాడు.

"పోయినవి మా కార్డులేగా! మాలో సోమరిపోతు ఎవతో చూపించు" అంది ఎర్లీన్. మాలో వయసు చిన్నది, నోరు పెద్దది.

"జబ్బున్నోళ్లకి మినహాయింపుంది. డాక్టరు కాయితం తెస్తే చాలు."

"డాక్టరు గుమ్మం తొక్కాలంటే కార్డేదీ అంటున్నారయ్యా సామీ!"

హాలంతా నవ్వింది. సంతోషంతో కాదు. మోజెల్ వదిన లేచి నిలబడింది.

"ముందు ఒకటి చెప్పు. ఆ రూలుకి నువ్వు చెయ్యెత్తావా లేదా?"

క్లియోఫస్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎత్తాను వదినా. ఎత్తకపోతే మన ఊరి ఆసుపత్రి మూసేస్తామన్నారు పైవాళ్లు."

"అందుకని ఆసుపత్రిని ఉంచి మమ్మల్ని బయటికి నెట్టావా? శత్రువు చేస్తే తట్టుకునేవాళ్లంరా. మా చేత్తో అన్నం తిని పోయినోడివి!"

అతను ఆ మాట దాటేశాడు. "మేనేజరుతో మాట్లాడాను. ఇక గంటలు పంచుకోవద్దు. సగం మందికి పూర్తి పనిస్తాడు. వాళ్ల కార్డులైనా బతుకుతాయి."

ఎవరికెంతమంది పిల్లలో, ఎవరికే జబ్బో, ఒకరినొకరం కళ్లతో కొలుచుకోవడం మొదలెట్టాం.

"పిల్లలున్నోళ్లు ఉండండి" అన్నారెవరో.

"పిల్లల్లేని ముసలిదానికి ఆకలెయ్యదేం?" అంది వదిన.

అరుపులు లేచాయి. ఎర్లీన్ బల్ల మీద గుద్దింది. "చూశారా! రూలు వాళ్లది, కత్తి మన చేతికిచ్చారు. అమ్మలు గెలిచిన కట్టుబాటుని మన చేతే తెగ్గొట్టిస్తున్నారు. సగం మంది లోపలికి పోతే మిగిలిన సగం ఇంకెప్పటికీ లోపలికి రారు. పోతే అందరం, లేకపోతే ఎవరం వద్దు!"

వాదన చాలాసేపు సాగింది. చివరికి అందరూ ఆ మాటకే వచ్చారు. వెర్డెల్ మాత్రం ఎడమచేత్తో కుడిచెయ్యి పిసుక్కుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే వాసన లేని చేప వచ్చింది. లారీల నీటి తొట్లలో జెల్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రాణంతో ఉండగానే కోస్తే సరుకు, లేకపోతే చెత్త. మేనేజరు గేటు దగ్గర నిలబడి పేర్లు పిలిచాడు. మొదటి పేరు వెర్డెల్‌ది. ఆమె కదల్లేదు. తర్వాత పిలిచినవాళ్లూ కదల్లేదు. ఎండ ఎక్కింది. తొట్లలో చప్పుడు తగ్గుతోంది. పోలీసు కారు వచ్చి పక్కన ఆగింది. మేనేజరు ఫోను తీశాడు.

క్లియోఫస్ మెడకి టై బిగించుకుని పరుగున వచ్చాడు. నేరుగా వెర్డెల్ ముందు నిలబడి గొంతు తగ్గించాడు, అయినా అందరికీ వినపడింది.

"అక్కా, నీ పేరు ముందు పెట్టించింది నేనే. నీ కార్డు నిలబడుతుంది, ఆపరేషన్ జరుగుతుంది, చెయ్యి బాగైపోతుంది. నువ్వడుగేస్తే వీళ్లంతా వస్తారు. లోపలికి పద."

వెర్డెల్ ఆ మొద్దుబారిన చెయ్యి అతని మొహం ముందుకి ఎత్తింది.

"ఇది బాగైతే, దీంతో ఎవతె నోటికాడి కూడు లాక్కోమంటావురా?"