లేవన్న వడ్లు

అరవై అయిదులో వానలు మొహం చాటేశాయి. మబ్బులు కెంచనగుడ్డ ఊరి మీదికి వచ్చినట్టే వచ్చి తేలిపోయాయి. మెట్ట చేలల్లో మోకాలెత్తు లేచిన జొన్న నిలువునా మాడిపోయింది. కాలవ కింద ఉన్న చెన్నకేశవరావు మడులు మాత్రం పండాయి. కోస్తా నుంచి వలస వచ్చి పదేళ్లు దాటినా అంత దిగుబడి ఆయన ఎన్నడూ చూడలేదు.

నూర్పిళ్లు కాగానే బళ్లారి బ్రూస్‌పేట షావుకారు కబురు పెట్టాడు. "ఇప్పుడే అమ్మొద్దు. ఉగాది దాటనీ. కరువు ముదిరేకొద్దీ ధర దానంతటదే కొండెక్కుతుంది."

చెన్నకేశవరావు బస్తాలన్నీ నడిమింట్లో దూలాల దాకా పేర్పించి తలుపుకు గొళ్లెం పెట్టాడు. "ఎవరడిగినా అమ్మేశామని చెప్పు. ఒకరికి కొలిస్తే ఊరంతా చేటలు పట్టుకొస్తారు" అన్నాడు భార్య పుష్పావతితో.

అందరికంటే ముందు ఉచ్చెంగమ్మ వచ్చింది. ఆమెకూ ఆమె మొగుడు తిమ్మన్నకూ ఉన్నది మెట్ట సేద్యమే. పుష్పావతి ఈ ఊరికి కొత్తగా వచ్చి చలిజ్వరంతో మంచం పట్టినప్పుడు, ఉచ్చెంగమ్మ అత్త నింగమ్మే పూటపూటకూ జొన్నగంజి కాచి తాగించింది. ఇప్పుడా ముసలామె మంచంలో ఉంది.

"పుష్పమ్మా, రెండు శేర్లు వడ్లుంటే ఇయ్యమ్మా. మేం ఆకూ అలమూ తిని ఎట్లో ఉంటాము. మా అత్తకి అది గొంతు దిగల్యా. వచ్చే సుగ్గికి, పంట నూర్చినాక కొలిచి ఇస్తా."

లోపల మొగుడు దగ్గాడు.

"ఎక్కడివి ఉచ్చెంగమ్మా? అన్నీ అమ్మేశాంగా" అంది, ఆమె మొహం చూడకుండా.

"ఔనా? పోనీలే తల్లీ" అని ఉచ్చెంగమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఉగాది దాటింది. షావుకారు మాటే నిజమైంది. బళ్లు వచ్చి బస్తాలు ఎత్తుకుపోయాయి. ఆ సాయంత్రం చెన్నకేశవరావు బళ్లారి నుంచి మైసూరుపాకు తెచ్చాడు. పుష్పావతి ముక్క నోట్లో వేసుకుంది గానీ మింగలేకపోయింది. తిమ్మన్న ఇంటికి తాళం పడి అప్పటికే చాన్నాళ్లయింది. సిరుగుప్ప దారిలో కరువు పనికి పోయారని ఊళ్లో చెప్పుకున్నారు.

మర్నాడు మొగుణ్ణి అడక్కుండానే తిండికి ఉంచుకున్న బియ్యంలోంచి మూటగట్టి బండెక్కింది. రోడ్డు పక్కన ఎండలో ఉచ్చెంగమ్మ కంకర కొడుతోంది. తన ముందు మూట పెట్టేసరికి సుత్తి ఆపి చూసింది.

"నింగమ్మ పెద్దమ్మకి..." అంది పుష్పావతి.

"ఆమె పోయి నెల దాటె."

పుష్పావతి ఆ రాళ్ల మీదే ఆమె పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు మీ ఇంట్లో వడ్లుండె గదా?" అంది ఉచ్చెంగమ్మ. గొంతులో కోపం లేదు. "నీ కొంగుకి పొట్టు అంటుకొని ఉండె. చూస్తి."

"మరి ఆ మాట అనలేదేం? నాలుగు తిట్టినా బాగుండేది!"

"తిడితే ఇస్తారా? ఇంటికి పోయి, వాళ్లకీ లేవంట అని అత్తకి చెప్తి. 'అయ్యో, ఆ పిల్లకీ గింజల్లేకపాయెనా' అని శానాసేపు నీకోసరం బాధపడె."

పుష్పావతికి ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది. ఉచ్చెంగమ్మ పక్కవాళ్లను పిలిచి బియ్యమంతా వాళ్ల కొంగుల్లోకి పంచింది. ఖాళీ అయిన గుడ్డను దులిపి, మడిచి పుష్పావతి చేతికిచ్చి, మళ్లీ సుత్తి అందుకుంది.

తర్వాత ఒకటి రెండేళ్లకు గానీ వానలు కుదురుకోలేదు. అవి బాగా పడిన ఏడు కూడా షావుకారు కబురు పెట్టాడు. చెన్నకేశవరావు నడిమింటి తలుపు వేయబోతే పుష్పావతి గడప మీద నిలబడింది.

"అమ్ముకోండి, దాచుకోండి, మీ ఇష్టం. లేవని మాత్రం ఇక నా నోటితో చెప్పను. ఎవరొచ్చినా కొలుస్తాను."

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, గొళ్లెం వదిలేసి వీధిలోకి పోయాడు.

కానీ ఆ ఏడు ఎవరూ అడగడానికి రాలేదు. మెట్టలో జొన్న విరగపండింది. తిరిగొచ్చిన ఉచ్చెంగమ్మ రోజూ ఆ వీధినే చేనికి పోయేది. "బాగుండావా పుష్పమ్మా?" అని నవ్వుతూనే పలకరించేది. పుష్పావతి వడ్లు కొలిచే శేరు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె మలుపు తిరిగిపోయేది.