తడి దాచిన కుప్ప

ఫ్యాక్టరీలో అందరూ అక్క అని పిలిచే ఆమె పొద్దున షిఫ్టుకి రాగానే జుట్టు ముడేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని ఫిల్టరు ప్రెస్సు ముందు నిలబడేది. బాక్సైటు రాయిలోంచి అల్యూమినియం తీయగా మిగిలిన ఎర్ర బురదని ఆ మిషను గుడ్డల మధ్య పెట్టి పిండుతుంది. నీళ్ళూ, వాటిలోని కాస్టిక్ సోడా తిరిగి ఫ్యాక్టరీలోకి పోతాయి. బురద బిళ్ళలుగా బెల్టు మీద పడుతుంది. ఆ బిళ్ళల్ని కొండవాలున కుప్ప పోసి రోలరుతో తొక్కిస్తారు. కుప్ప దిగువనే కార్మికుల ఇళ్ళు, ఒక బడి. బిళ్ళ పొడిగా ఉన్నంతకాలం భయం లేదు. తడిది పోస్తే కుప్ప జారుతుంది. ఆ సోడా తడి ఒంటికి తగిలితే తోలు ఊడొస్తుంది.

బిళ్ళ జిగటగా పడితే అక్క గ్లౌజు తీసి, చెంప మీద కొట్టినట్టు ఒక్కటిచ్చేది. దెబ్బకి నీళ్ళన్నీ జలజలా కారిపోయి బిళ్ళ ఎండిన పెంకులా అయ్యేది. కొందరి చేతికి మొక్క బతుకుతుంది, ఈమె చేతికి తడి ఆరుతుంది, అంతే. ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. దెబ్బల చప్పుడు లేని రోజునే, "అక్క రాలేదా?" అని అడిగేవాళ్ళు.

చిక్కేమిటంటే, ఆ చెయ్యి చూసుకుని షిఫ్టు షిఫ్టంతా బద్ధకించింది. పూడుకుపోయిన గుడ్డలు మార్చడం మానేశారు. షిఫ్టు సూపర్‌వైజరు స్వయానా అక్క తమ్ముడే. తల్లి పోయాక ఆమె ఎత్తుకుని పెంచినవాడు.

"గుడ్డలు మార్చాలంటే మిషను ఆపాలి. అక్క చెయ్యి ఉండగా మనకేం?" అనేవాడు.

కొట్టీ కొట్టీ అక్క మణికట్టు వాచిపోయింది. డాక్టరు కట్టు కట్టి ఇంట్లో కూర్చోమన్నాడు. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తడి బిళ్ళలు కుప్పకి పోతూనే ఉన్నాయి. తమ్ముడు వాటి మీద పొడి బిళ్ళలు పరిపించి, పైకి ఏమీ తెలియకుండా చేశాడు.

తెలిసింది రోలరుకే. దాన్ని నడిపేది అక్క మొగుడు.

"నీ తమ్ముడు కుప్ప మీద పరుపు వేయించాడే. రోలరు ఎక్కితే ఊగుతోంది," అన్నాడు, అన్నం ముందు కూర్చుని.

అక్క కంచం పక్కకి తోసి లేచింది.

ఇద్దరూ కుప్ప ఎక్కారు. మొగుడు గడ్డపారతో పొడుస్తుంటే పైపెచ్చు కింద ఎర్రటి ముద్ద వణికింది. అంతలో తమ్ముడు ఇనుప కడ్డీ పట్టుకుని పరుగున వచ్చాడు.

"బావా, గడ్డపార కింద పడెయ్!"

"ఆగరా బామ్మర్దీ. నువ్వు పాతిపెట్టినదేగా, నువ్వూ చూడు."

"పైవాళ్ళు చూస్తే నా ఉద్యోగం పోతుంది!"

"ఇది జారితే కింద పిల్లలు పోతారు రా, వెధవా!"

తమ్ముడు కడ్డీ ఎత్తి కొట్టాడు. బావ తల చిట్లి, నెత్తురు కళ్ళలోకి కారింది. ఆ నెత్తుటితోనే బావ వాడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కలబడి పడ్డారు. వీడు చెవి కొరికాడు, ఆయన మోకాలితో పొట్టలో కుమ్మాడు. అక్క అడ్డం వెళితే ఎవరి మోచెయ్యో తగిలి పెదవి పగిలింది. "చావండి ఇద్దరూ!" అని అరిచిందామె. వాళ్ళ దొర్లుడికి పైపెచ్చు ఫెళ్ళున విరిగింది.

కుప్ప కదిలింది. కడుపు చీలినట్టు చీలి, లోపలి బురదంతా వాలున పడి బడి వైపు నడిచింది. బావ కుప్ప పక్క గట్టు మీద పడ్డాడు. తమ్ముడు తొడల దాకా కూరుకుపోయాడు.

"అక్కా, చెయ్యివ్వు! కాళ్ళు కాలిపోతున్నాయే! చెయ్యివ్వవే!"

కిందినుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. వాడికి చెయ్యిచ్చి లాగితే వాడు బయటపడతాడు, ఈలోగా బురద బడిలో పడుతుంది. బురదని కొడితే అది వాడి చుట్టూ రాయిలా బిగుసుకుంటుంది.

అక్క వాడి ముఖం చూడలేదు. కట్టు పళ్ళతో పీకేసి, వాడి ఎదురుగానే మోకాళ్ళ మీద పడి బురదని కొట్టింది. ఒకటి, రెండు, ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. అరచెయ్యి తోలు లేచిపోయింది. మణికట్టులో ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదున్న మొగుడికి కూడా వినబడింది. అయినా కొట్టింది. బురదలోని నీళ్ళన్నీ ఎర్రగా పక్క కాలవలోకి దూకి, సోడా నీళ్ళ గుంటలోకి పోయాయి. బడి గోడకి ఆనుకుని బురద ఆగిపోయింది.

తమ్ముణ్ణి గడ్డపారలతో పగలగొట్టి తీయాల్సి వచ్చింది. నీళ్ళతో పాటు సోడా కూడా పోవడం వల్ల అక్కడక్కడా తోలు ఊడింది గానీ కాళ్ళు దక్కాయి. వాడు లేచి కూర్చోగానే అక్క ఆ విరిగిన చేత్తోనే వాడి చెంప పగలగొట్టింది. వాడు ఎండిపోతాడేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకి వంగి చూశారు. వాడి ముఖంలో ఏమీ ఆరలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం ధారగా కారాయి.

"చెయ్యి మామూలైపోయిందే నీకు," అన్నాడు మొగుడు, నెత్తికి తువ్వాలు అదుముకుంటూ.

ఆసుపత్రిలో తమ్ముడు మొదటిసారి కాలు కింద పెట్టిన రోజు, తుడిచిన నేల మీది తడంతా వాడి పాదం దగ్గర్నుంచి నాలుగు పక్కలకీ పారిపోయింది. నర్సు చూసి, "చెప్పులేసుకుని నడవండి, గది పాడుచేయకండి," అంది.

ఇప్పుడు ఫ్యాక్టరీలో గుడ్డలు వేళకి మారుస్తున్నారు. అక్క చేతికి సిమెంటు కట్టు ఉంది. ఎడమ చేత్తో మిషను నడుపుతూ, మార్చనివాళ్ళని నోటితోనే ఉతుకుతుంది. సూపర్‌వైజరు కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు. తమ్ముడికి కుప్ప మీద పని ఇచ్చారు. బావ రోలరుకి ముందు వట్టి కాళ్ళతో నడవడమే ఆ పని. పొడి మీద అడుగు పడితే ఏమీ జరగదు. కింద తడి ఉంటే మడమ చుట్టూ ఎర్రటి నీళ్ళు బుస్సున పైకి లేచి, కాలవలోకి పారతాయి. వాడు చెప్పనక్కర్లేదు, అందరికీ కనిపిస్తుంది.

ఇవాళ కుప్ప మలుపు దగ్గర మళ్ళీ నీళ్ళు లేచాయి. బావ రోలరు ఆపాడు.

"ఇక్కడ కూడా పాతిపెట్టావా బామ్మర్దీ?"

తమ్ముడు ఇంకో అడుగు వేశాడు.