చప్పుడు లేని గది

నీళ్ళు నేలమీద పడితే చప్పుడవుతుంది. అమ్మ అరచేతిలో పడి, అక్కణ్ణుంచి భుజమ్మీదికి జారితే అవదు.

రఖియా కూతురు ఇత్తోకి ఇలాగే స్నానం చేయిస్తుంది. వంటింట్లో, తలుపు వేసి, తొట్టి పక్కన గొంతుక్కూర్చుని. ఇత్తో ఇప్పుడు తల్లికన్నా పొడుగు.

గురువారం, మొరాకోలోని ఈ సెఫ్రూ ఊళ్ళో ఆడవాళ్ళంతా హమ్మాంకి, ఉమ్మడి స్నానశాలకి, పోతారు — ఆవిరి, నల్లసబ్బు, ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం, లోకం మీది కబుర్లన్నీ. ఇత్తోకి ఆటిజం. హమ్మాం గుమ్మటం కింద ఒక్క బకెట్ మోగితే చాలు... చెవులు మూసుకుని కేక పెడుతుంది.

కూతురు వెళ్ళని చోటికి తల్లీ వెళ్ళలేదు.

తన వీపు ఎవరైనా రుద్ది ఎన్నేళ్ళయిందో!

కట్టడాలకి ప్లాన్లు గీయడం రఖియా వృత్తి. పాత హమ్మాం తిరగకట్టే పని చేతికొచ్చినప్పుడు, వెనక ఇంకో చిన్నగది గీసింది. చప్పుడు మోగడానికి గుమ్మటం లేదు. చెక్క కప్పు, గరుకు సున్నం గోడలు, రబ్బరు బకెట్లు. గోడ వెంట మెల్లగా జారే నీళ్ళు. పెద్దగదితో పని లేకుండా విడిగా దారి.

వెచ్చటి రాతిమీద ఇద్దరం పక్కపక్కన పడుకుంటాం... అదొక్కటే ఆమె కోరిక.

మొదటి గురువారం ఇత్తో చెయ్యి పట్టుకుని, చిన్నగది తలుపు తీసింది.

ఊరంతా అక్కడే ఉంది. ఇత్తో చేతులు చెవుల మీదికి పోయాయి.

"రా రఖియా, రా! పెద్దగదిలో ఒకరి మాట ఒకరికి వినబడి చావదు. ఇక్కడ గుసగుస కూడా వినిపిస్తోందే!" అంది పక్కింటి బహీజా. "నీ కడుపు చల్లగుండ, నోరారా మాట్లాడుకోడానికి మాకో గది కట్టావు!"

రఖియా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఇది... ఇత్తో కోసం కట్టాను."

అందరి మాటా ఆగింది. నీళ్ళు జారడం వినిపించింది. ఇత్తో చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఒక్క అడుగు లోపలికి వేసింది కూడా.

"ఓసి పిచ్చిదానా, మేమేమన్నా పరాయివాళ్ళమా? రావే ఇత్తో, నా పక్కన కూర్చో!"

"నా తల్లే, ఎంత ఎదిగావే! ఇటు రా!"

"ఇత్తో! ఇత్తో!"

ప్రేమే. అంతా ప్రేమే. ఒక్కరి మనసులోనూ కల్మషం లేదు.

ఇత్తో అప్పటికే వీధిలో ఉంది — తువ్వాలు తలమీద కప్పుకుని, గోడకేసి తిరిగి. "ఇంటికి," అంటోంది. "ఇంటికి. ఇంటికి."

మాట్లాడొద్దని ఆ తలుపుమీద రాయించొచ్చు. రాయిస్తే బహీజా మళ్ళీ రఖియా ఇంటి గడప తొక్కదు. ఆ గడప తొక్కేది ఆమె ఒక్కతే.

రాయించాలా? వద్దా?

వంటింటి తలుపు మళ్ళీ వేసి ఉంది. రఖియా వీపు పొడిగానే ఉంది. నీళ్ళు అరచేతిలో పడి, భుజమ్మీదికి జారుతున్నాయి...

చప్పుడు లేదు.